ఇంటి పేరుతో వెళ్ళిన మాట

“తుడిచెయ్యకు!”

దోన్యా ఫిదెలిగ్నా అరిచిన అరుపుకి యోలిమా వేలు టాబ్లెట్‌కి అంగుళం దూరంలో ఆగిపోయింది.

“తుడవకపోతే ఎట్లా అత్తయ్యా? లోకమంతా చదువుతోంది. ఇప్పటికే రెండువందల పన్నెండుమంది కింద జవాబులు రాశారు.”

“ఏమని?”

“ఏడుస్తూ రాశారు.”

“ఏడవనీ. ముందు ఆ కూత కూసిందెవరో తేలాలి.”

పొద్దున్న తొమ్మిదైంది. పొయ్యిగదిలో రెండు రాగి బాణళ్ళూ కుతకుతా ఉడుకుతున్నాయి. ఒకదాంట్లో ఎర్రజామ, ఒకదాంట్లో తెల్లజామ. మామూలుగా అయితే ఈ వేళకి వేలెస్ ఊళ్ళో సగం వీధులకి ఒలార్తె వాళ్ళ పాకం వాసన చేరి, ఆ ఇంటి వాళ్ళు పనిలో పడ్డారని తెలుస్తుంది. ఇవాళ వాసన కంటే ముందు వార్త చేరింది.

వార్త వెళ్ళింది యోలిమా నడిపే బ్లాగులోంచే. మూడేళ్ళుగా ప్రతి గురువారం ఆమె ఒక ఫొటో పెట్టి, ఒక కబురు రాసి, చదివినవాళ్ళ ప్రశ్నలకి ఓపిగ్గా జవాబులిచ్చి నిలబెట్టిన బ్లాగు అది. ఊరి సంతకి తప్ప ఎక్కడికీ వెళ్ళని ఈ ఇంటి బొకదీయో, ఆ నల్లెర్రటి జామ బిళ్ళ, ఇప్పుడు ఎక్కడో ఉన్న కూకుతా నగరం దాకా వెళుతోందంటే ఆ బ్లాగు చలవే. ఈ వారానికి, బిళ్ళల్ని చుట్టే బిహావో ఆకుని ఎండబెట్టే పద్ధతి గురించి రాసి సిద్ధంగా ఉంచింది. అది అట్లాగే ఉంది. దాని పైన, తెల్లవారి ఐదూ పదికి, ఇంకెవరో పెట్టిన కబురు కూర్చుంది.

“ఈ ఆదివారం మా చివరి పాకం.”

కింద సంతకం: ఒలార్తె కుటుంబం.

ఫోన్ మళ్ళీ మోగింది. యోలిమా తీసింది.

“ఆ... లేదు సెన్యోరా, ఎవరూ పోలేదు... బాగానే ఉన్నారు, ఇక్కడే ఉన్నారు, అరుస్తున్నారు కూడా... వినిపిస్తోందా? అదే... సరేనండి, చెబుతాను.”

“ఎవరు?” అంది ఫిదెలిగ్నా.

“తుంహా నుంచి. సగంమంది ‘ఇక మేం అడగంలే తల్లీ, పడుకో’ అంటున్నారు. సగంమంది ‘చివరిసారిగా పది పెట్టెలు పంపు’ అంటున్నారు. ఈవిడ రెండూ అంది.”

“చూశావా! పక్కింటి ఎదెల్మీరా అయితే ఏకంగా కోడిపులుసు గిన్నెతో వచ్చింది, శవం లేచిన ఇంటికి తెచ్చినట్టు. నన్ను చూసి గుమ్మంలోనే కెవ్వుమంది.”

“పులుసు బాగుంది అక్కా,” అన్నాడు బెలిసార్యో, ఎర్రజామ బాణలిలో తెడ్డు ఆపకుండా.

“ఒరేయ్ బెలీ, నా చావుకి తెచ్చిన పులుసు నువ్వు తాగేశావా?”

“చల్లారిపోతుందని.”

వరండాలో ఆకు చుట్టే ఆడవాళ్ళు ఆరుగురూ నవ్వు ఆపుకోవడానికి తలలు దించుకున్నారు. కానీ వాళ్ళ చేతులు మాత్రం పొద్దుట్నుంచీ నెమ్మదిగా కదులుతున్నాయి. ఆదివారం తర్వాత వాళ్ళకి ఇక్కడ పని ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేదు మరి.

* * *

నూబియా మొదటి బస్సుకి బార్బోసా నుంచి దిగింది. చేతిసంచి కూడా కింద పెట్టకుండా తల్లిని వాటేసుకుంది. ఆ వెంటనే వదిలేసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

“కన్నకూతురిని. ఇంత పెద్ద సంగతి నేను ఫోన్‌లో చదివి తెలుసుకోవాలా?”

“నేనూ అట్లాగే తెలుసుకున్నానమ్మా,” అంది ఫిదెలిగ్నా.

“అంటే నువ్వు రాయించలేదా?”

“నేనా? పొయ్యి ఆర్పే మనిషినా నేను?”

నూబియా కళ్ళు మేనమామ వైపు తిరిగాయి. “మావయ్యా, పోయిన నెల భుజం నెప్పి అన్నావు.”

“అన్నాను. అయితే?” తెడ్డు ఎత్తి చూపించాడు బెలిసార్యో. “ఈ వేళ్ళు చూడు తల్లీ. అందులో ఒక అక్షరం నొక్కితే మూడు పడతాయి. అసలు నీ సంగతి చెప్పు. ‘అమ్మా, నా దగ్గరికి వచ్చెయ్, బార్బోసాలో గది ఖాళీగా ఉంది’ అని ఈస్టర్ నుంచీ రోకటిపాట పాడుతోంది ఎవరు?”

“పాడితే? ఎదురుగా నిలబడి పాడాను. దొంగచాటుగా రాయలేదు.”

“నువ్వు రాశావన్నానా?”

“అనకుండా అన్నావు!”

“ఆపండి!” ఫిదెలిగ్నా తెడ్డుతో బాణలి అంచు మీద టంగున కొట్టింది. అందరూ ఆగారు, ఆకు చుట్టేవాళ్ళతో సహా. “అమ్మాయ్ యోలిమా, ఇట్లా రా.”

యోలిమా దగ్గరికి వెళ్ళింది.

“మన సరుకు కొంటానన్న ఆ బొగొతా ఆవిడ ఎన్నింటికి వస్తానంది?”

“పదకొండుకి అత్తయ్యా. సెన్యోరా కోన్‌స్తాన్సా. పొద్దున ఆవిడా ఫోన్ చేసింది. కబురు నిజమైతే ఏడాది ఒప్పందం మీద సంతకం పెట్టను, నిజం కాకపోతే పెడతాను, మీ నోట వింటాను అంది.”

“సరే. పదకొండు దాకా టైముంది నీకు. ఎవరు రాశారో కనుక్కో.” ఫిదెలిగ్నా గొంతు తగ్గింది. తగ్గినప్పుడే ఆ గొంతుకి ఇంట్లో ఎక్కువ భయపడతారు. “బయటివాడెవడో దూరి రాసుంటే అది దొంగకూత. తుడిచెయ్, నవ్వుకుందాం. కానీ ఇంట్లో మనిషి రాసుంటే అది ఇంటి మాట. కొనేవాళ్ళకి ఇచ్చిన మాట. ఆదివారం పొయ్యి ఆరుతుంది.”

“అదేం న్యాయం అక్కా!” బెలిసార్యో తెడ్డు ఆగిపోయింది.

“ఈ ఇంటి న్యాయం. మీ బావ రీతో ఓ పండగనాడు తాగి, చర్చి ఫాదర్‌కి ఐదువందల పెట్టెలు ఇస్తామని నోరు జారాడు గుర్తుందా? ‘తాగి అన్నాడు, వదిలేద్దాం’ అన్నావు నువ్వు. వదిలేశానా?”

“తొమ్మిది రోజులు నిద్రపోలేదు మనం.”

“ఇచ్చామా లేదా?”

“ఇచ్చాం.”

“అంతే. ఒలార్తె పేరుతో గుమ్మం దాటిన మాట మళ్ళీ లోపలికి రాదు. ఇక పదకొండుకి కూడా తేలకపోతే...” కోడలి చేతిలో టాబ్లెట్ వైపు చూసింది. “ఎవరు పడితే వాళ్ళు నా ఇంటి పేరుతో మాట్లాడగలిగే ఆ వస్తువు ఇంట్లో ఉండదు. నువ్వు మూడేళ్ళు కష్టపడ్డావు, నాకు తెలుసు. అయినా ఉండదు.”

యోలిమా టాబ్లెట్ చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగింది. ఏమన్నా ఇంకో మాట ఎక్కువ పడుతుందని తెలుసు.

* * *

టాబ్లెట్‌తో వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. బ్లాగుకి ఒకటే ఖాతా, ఒకటే తాళం. ఆర్డర్లు చూసుకోవడానికని ఈ బల్ల మీదే ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఎవరు రాసినా ఒకే పేరు పడుతుంది. తప్పు తనదే. ఇంట్లో ఎవరికీ రాయాలన్న కోరికే లేదనుకుంది.

అయినా ఒక జాడ ఉంటుంది. రాసిన కబురు దాచుకున్న ప్రతిసారీ ఆ వేళ నమోదవుతుంది.

తెరిచి చూసింది.

ఒక్కసారి కాదు. పదకొండుసార్లు. పదకొండు రోజులు, రోజుకి నాలుగు ముక్కలు. అన్నీ పొద్దున నాలుగూ నలభైకీ ఐదుంబావుకీ మధ్య.

యోలిమా టాబ్లెట్‌ని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

బయటి దొంగ పదకొండు తెల్లవారుజాములు కూర్చుని కొట్టేసి, మళ్ళీ రాసి, మళ్ళీ దాచుకోడు. ఇది ఇంటి మనిషి పని. అత్తయ్య మాట ప్రకారం ఇది బయటపడితే ఆదివారం పొయ్యి ఆరిపోతుంది.

నూబియా వదిన కాదు, ఆమె పడుకునేది బార్బోసాలో. బెలిసార్యో బాబాయ్ కాదు, ఆ వేళకి ఆయన పెరట్లో పంపు కింద జామకాయలు కడుగుతుంటాడు, ఆ పంపు మోత వీధి చివరికి వినిపిస్తుంది. అత్తయ్య? ఇంత గోల చేస్తున్న మనిషి తనే రాసుకుంటుందా? ఇక మిగిలింది...

సావుల్ పేరు మనసులోకి వచ్చి, వచ్చినంత తేలిగ్గానే జారిపోయింది. పెళ్ళికి ముందు తను రాసిన రెండు పేజీల ఉత్తరానికి ‘సరే’ అని జవాబిచ్చిన మనిషి. ఇంట్లో నాలుగు మాటలు కలిపి మాట్లాడితే జ్వరమేమోనని నుదురు పట్టి చూసేది వాళ్ళమ్మ. బండి తోలుతాడు, జామకాయలు తెస్తాడు, పెట్టెలు దింపుతాడు. ఇప్పుడు కూడా తోటల వైపు వెళ్ళాడు. అతనికీ అక్షరాలకీ ఏం సంబంధం?

“దొరికాడా?” గుమ్మంలో నూబియా.

యోలిమా టాబ్లెట్ బోర్లించింది. “చూస్తున్నా వదినా.”

“ఏదో దాస్తున్నావు నువ్వు.”

“ఏం లేదు.”

“నా తమ్ముణ్ణి చేసుకుని వాడి రోగమే అంటించుకున్నావు. ఏదడిగినా ఏం లేదు.” నూబియా దగ్గరికొచ్చి మరదలి చెంపకి అంటిన పంచదార రుమాలు అంచుతో తుడిచింది. “నేనే రాశాననుకుంటున్నావా?”

“లేదు వదినా, ఒట్టు.”

“రాయలేదు. కానీ చదవగానే నాకేమనిపించిందో తెలుసా? అమ్మయ్య అనిపించింది. ఆ మాట అమ్మకి చెప్పకు, నన్ను బాణలిలో వేస్తుంది.”

* * *

పదిన్నరకి ఫిదెలిగ్నా తెల్లజామ బాణలి దించి, చెయ్యి కడుక్కుని, పొయ్యిగదిలోనే ఉన్న బల్ల దగ్గర కుర్చీ లాక్కుంది.

“పొద్దుట్నుంచీ అందరూ ఆ కబురు కబురంటున్నారు. మీలో ఒక్కరైనా దాన్ని చివరిదాకా చదివారా?”

ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నూబియా మొదటి వాక్యం దగ్గరే సంచి సర్దుకుంది. యోలిమా రెండో వాక్యంలో ఉండగా ఫోన్ మోగింది. ఆ ఫోన్ ఇంతవరకూ ఆగలేదు.

“భేష్. నా చావు కబురు నాకే ఎవరూ పూర్తిగా చదివి వినిపించలేదు. చదువమ్మాయ్.”

యోలిమా చదవడం మొదలుపెట్టింది.

“‘మా ఇంట్లో పొయ్యి పొద్దున నాలుగున్నరకి వెలుగుతుంది. యాభై రెండేళ్ళుగా దాన్ని ఒకే చెయ్యి వెలిగిస్తోంది. ఈ మధ్య ఆ చేతికి ఒక్క పుల్ల చాలడంలేదు. మూడు పుల్లలు గీస్తోంది. రెండు విరిగిపోతున్నాయి. విరిగిన పుల్లల్ని ఆ మనిషి పొయ్యిలోకి తోసేస్తుంది, ఎవరూ చూడలేదనుకుని.’”

ఫిదెలిగ్నా కుడిచెయ్యి ఏప్రాన్ కిందికి వెళ్ళిపోయింది.

“అక్కా?” అన్నాడు బెలిసార్యో.

“చెమ్మ పట్టిన పుల్లలు. ఊ, చదువు.”

“‘ఇంట్లోవాళ్ళం చెబితే వినదు. చెప్పి చూడలేదని కాదు, చెప్పబోతే జామకాయలు తరగమంటుంది. కానీ మీ మాట వింటుంది. మీరు బాగుందంటే ఆ రోజంతా పాడుకుంటుంది. అందుకే మీకు చెబుతున్నాం. మీరు అడగడం మానండి. అడిగితే ఆ మనిషి లేస్తుంది. కాఫీ కప్పు పట్టుకునే బలం చేతికి ఉండగానే ఆ చేతికి కాస్త విశ్రాంతి కావాలి. ఆవిడ చేసినంత బాగా ఎవరూ చెయ్యలేరని మాకూ తెలుసు. ఆవిడ లాంటిది మాకు ఇంకొకటి లేదని కూడా తెలుసు.’”

వరండాలో ఎవరో ముక్కు చీదారు. నూబియా గోడవైపు తిరిగింది.

“ఊ,” అంది ఫిదెలిగ్నా. “ఆగావేం?”

యోలిమా తర్వాతి పేరా మీద కళ్ళు వేసింది. అక్కడే ఉండిపోయింది.

అది చదివిన క్షణంలో ఆమెకి తన పడకగదిలో తెల్లవారుజాము గుర్తొచ్చింది. పక్కనే వంటిల్లు, ఇంకా చీకటి, సగం నిద్ర. అతను కాఫీ పొడి మరిగే నీళ్ళలో వేసి దించి, అది అడుక్కి చేరేదాకా గొంతులోనే గొణుక్కుంటాడు, ప్రతిరోజూ, ఒకటే జపం. తర్వాత కప్పు తెచ్చి తన తల దగ్గర పెట్టి పిలవకుండా వెళ్ళిపోతాడు. పెళ్ళయిన కొత్తలో అడిగితే చెప్పాడు, అదే అతను తనతో మాట్లాడిన అతి పెద్ద ముచ్చట. ఖాళీ జామకాయల పెట్టె మీద నిలబెట్టి నాన్న నేర్పించిన లెక్క అట. నాన్న పోయాక తెడ్డు పట్టలేదు, కానీ లెక్క పోలేదు అన్నాడు.

“‘ఇన్నేళ్ళూ మమ్మల్ని మీ ఇంట్లోవాళ్ళలా చూసుకున్నారు,’” అని యోలిమా ఒక పేరా దాటేసి చదివింది. “‘సెలవు. ఒలార్తె కుటుంబం.’ అంతే అత్తయ్యా.”

“అంతేనా?”

“అంతే.”

“ఇట్లా ఇవ్వు,” అంది నూబియా. యోలిమా వదల్లేదు. నూబియా లాగింది. ఒక్క క్షణం ఇద్దరూ చంటిపిల్లల్లా పెనుగులాడారు. నూబియా గెలిచింది.

“ఇదిగో, మధ్యలో ఒక ముక్క వదిలేసింది. ‘చివరి పాకం కూడా ఎప్పటిలాగే ఉంటుంది. తెడ్డు లాగితే బాణలి అడుగు కనబడాలి. అప్పుడు ఒక్క రాణి జపం, తొందర లేకుండా. అది అయ్యాక దించాలి.’ ఇంతే కదా, ఇందులో దాయడానికేముంది?”

బెలిసార్యో పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరిగాడు.

పాకం దించే లెక్క ఈ ఇంట్లో ఎవరిది వాళ్ళదే. గడియారం నమ్మరు, చర్చి ప్రార్థన ఒకటి చదివి అది అయ్యేదాకా ఆగుతారు. ఫిదెలిగ్నా అడుగు కనబడ్డాక మూడు మరియ జపాలు చదువుతుంది. బెలిసార్యోది ఒక విశ్వాస ప్రమాణం, అదీ పరుగెత్తినట్టు. ఆ తేడా మీద అక్కాతమ్ముళ్ళు వారానికోసారి పోట్లాడుకుంటారు. బ్లాగులో మాత్రం యోలిమా అందరికీ అర్థమయ్యేట్టు ‘ఒక నిమిషం’ అని రాసేది.

“రాణి జపం,” అంది ఫిదెలిగ్నా మెల్లగా. “అది రీతో లెక్క.”

“బావ పోయి తొమ్మిదేళ్ళయింది కదక్కా,” బెలిసార్యో శిలువ గుర్తు వేసుకున్నాడు. “బతికున్నప్పుడు రేడియో తిప్పడం కూడా రాదు పాపం. ఇప్పుడొచ్చి టాబ్లెట్ నొక్కుతాడా?” నవ్వబోయాడు, కుదరలేదు. చూపు తిప్పి యోలిమా వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం ఉంది. ఆయనకీ తెలిసిపోయింది. “ఎవడో బయటివాడేలే. ఎక్కడో విన్నాడు, రాశాడు. ఏమ్మా యోలిమా? బయటివాడే కదూ? ఊరికే ఒక్క మాట చెప్పెయ్, అయిపోతుంది.”

“నేనే రాశాను,” అంది యోలిమా.

ఫిదెలిగ్నా కోడలి మొహంలోకి చూసింది.

“నువ్వు ఐదున్నరకి ముందు కళ్ళు తెరిచిన రోజు నాకు చూపించు. నా పుల్లలు విరగడం నువ్వెప్పుడు చూశావు? పైగా అబద్ధం చెబితే నీకు చెవులెర్రబడతాయి, జామపండల్లే. కూర్చో.”

యోలిమా కూర్చుంది.

“నాకు తెలుసు,” అంది ఫిదెలిగ్నా. “బెలికీ తెలుసు. ఇదిగో, ఇప్పుడు నూబియాకి కూడా తెలిసినట్టుంది, నోరు తెరుచుకుని చూస్తోంది. కానీ నేను చెప్పను. తల్లిని, నేను చెబితే కోపంతో అన్నట్టుంటుంది. ఆ బ్లాగు నీది. అందులో ఎవరి మాట ఉందో చెప్పాల్సింది నువ్వు. బయటివాడని నువ్వంటే నేను నమ్ముతాను. ఒట్టేసి నమ్ముతాను. మళ్ళీ అడగను.”

యోలిమా వరండా వైపు చూసింది. ఒక్క మాట. బయటివాడు అంటే కోన్‌స్తాన్సా సంతకం పెడుతుంది, వరండాలో ఆరుగురికి పనుంటుంది, బ్లాగు ఉంటుంది. రేపు నాలుగున్నరకి ఈ ఏప్రాన్ కింది చెయ్యి మళ్ళీ పుల్ల గీస్తుంది. మూడు కాదు, నాలుగు. వంటింట్లో కాఫీ దగ్గర నిలబడి ఒకతను ఆ విరిగిన పుల్లల్ని లెక్కపెడుతుంటాడు, ఎవరికీ చెప్పుకోలేక. పదకొండు రోజులు పట్టింది అతనికి ఈ నాలుగు ముక్కలు రాయడానికి.

బయట కారు ఆగింది. దాని వెనకే తెలిసిన బండి బ్రేకు కీచుమంది.

“ఇటేనండీ,” అంటున్నాడు సావుల్. భుజం మీద జామకాయల పెట్టెతో గుమ్మంలోకి వచ్చాడు. అతని వెనక బూడిదరంగు కోటు తొడుక్కున్న ఒకావిడ. “చౌక్‌లో దారి తప్పారట. తీసుకొచ్చా.”

“మంచి సమయానికి వచ్చారు సెన్యోరా,” ఫిదెలిగ్నా లేచి నిలబడి, ఎడమచేత్తో కుర్చీ చూపించింది. “కూర్చోండి. మీరు అడిగిన దానికి మా కోడలు జవాబు చెబుతుంది. మీ ముందే చెబుతుంది.”

సావుల్ అందరి మొహాలూ చూశాడు. నూబియా చేతిలో టాబ్లెట్ చూశాడు. పెట్టె దించలేదు.

యోలిమా లేచింది. భర్త కళ్ళలోకే చూస్తూ నోరు తెరిచింది.

“బయటివాళ్ళెవరూ కాదు అత్తయ్యా. మీ కొడుకు. సావుల్ రాశాడు.”